నాలుగో కారు ఎడమ వైపు

కాఫీ ఊరికే ఇచ్చారంటేనే నాకు అనుమానం వచ్చింది. ఈ గేటు లోపల ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేశాను, ఒక్కనాడైనా ఎవడూ నాకు కాఫీ చేతికందించిన పాపాన పోలేదు, మేమే ఇంటినుంచి సీసాలో పోసుకుని తెచ్చుకునేవాళ్ళం. ఇప్పుడేమో బల్ల వెనకనుంచి ఓ పిల్ల లేచి నిలబడి, "కూర్చోండి మాస్టారూ, పావుగంటలో పిలుస్తారు, చక్కెర ఎంత వెయ్యమంటారు?" అంటుంది. మాస్టారట! రేకు కొట్టేవాణ్ణి ఆ రోజుల్లో ఒరేయ్ అని పిలిచారు, ఇప్పుడు మాస్టారూ అంటున్నారు, మధ్యలో నేను కొత్తగా నేర్చుకున్న విద్యేమీ లేదు, మోకాళ్ళ నొప్పులు తప్ప. ఏదో మతలబు ఉంది. లేకపోతే పావుగంట అన్నవాళ్ళు నలభై నిమిషాలు కూర్చోబెడతారా? ఆ తలుపు వెనక ముగ్గురున్నారు, కారుని కూడా లెక్కేస్తే. పెద్రాజ్జి ఇంజనీరు, వందెల్లి కార్ల పాత చరిత్రంతా తన జేబులోనే ఉన్నట్టు తిరిగే మనిషి. మిరెల్లా, మా అడెల్మో కూతురు. నన్ను బయట కూర్చోబెట్టి ఆ ఇద్దరూ ఏం మాట్లాడుకుంటున్నట్టు? కాఫీ బాగుంది, చెప్పొద్దూ. అందుకే ఇంకా అనుమానం.

కిటికీ బయట నవంబరు పొగమంచు, గేటు కూడా కనిపించడం లేదు. ఈ గది ఒకప్పుడు మాదే, నాదీ అడెల్మోదీ. అదిగో ఆ గాజుపెట్టె ఉన్నచోట నా చెట్టు మొద్దు ఉండేది, నడుమ దోసెడు గుంట చెక్కిన మొద్దు, రేకుని దాని మీద పెట్టి కొయ్య సుత్తితో కొడుతుంటే కాసేపటికి రేకు తనంతట తానే వంగుతున్నట్టుండేది. పెద్దాయన వందెల్లి కార్లకి ముందు జున్ను కాచే రాగి కాగులు చేయించేవాడు, మోదెనా ఊరి చుట్టుపక్కల ఏ పాలకేంద్రంలో చూసినా మా కాగులే. మేమిద్దరం అక్కడే చెయ్యి తిప్పడం నేర్చుకున్నాం. ఒకరోజు ఆయనకి పూనకం వచ్చింది, కాగు కొట్టినవాడు కారు కొట్టలేడా అన్నాడు, అంతే. గార్జెత్తా అని పేరు పెట్టాడు, మా కాలవల్లో ఒంటికాలి మీద నిలబడే చిన్న తెల్లకొంగ పేరు. మొత్తం ఏడే చేశాం. ఇంజను వెనక, మనుషులు ముందు, ఎత్తు నా నడుము దాకా కూడా రాదు. ఇవాళ వాటిని అద్దాల గదుల్లో పెట్టుకుని, తాకితే కరిగిపోతాయన్నట్టు చూస్తున్నారు. మేమైతే వాటి మీద రొట్టె పెట్టుకుని తిన్నాం.

గోడ మీద మా ఫొటో వేలాడదీశారు, నిలువెత్తుది. అడెల్మో నవ్వుతున్నాడు, నేను ఫొటో తీసేవాణ్ణి గుర్రుగా చూస్తున్నాను, అప్పటికే నా బుద్ధి అదే. కింద పెద్ద అక్షరాల్లో రాశారు: కుడి వైపు అడెల్మో రిగి, ఎడమ వైపు ఎర్మెస్ గ్వాల్ది, ఏడు కార్లూ ఈ రెండు చేతులవే. బడిపిల్లల్ని తీసుకొచ్చి చూపిస్తారట. మా పద్ధతి అది. కారుకి రెండు వైపులు, మనిషికి ఒక వైపు, ఒకడి వైపు ఇంకొకడు సుత్తి ఎత్తకూడదు. అచ్చు లేదు, కొలబద్ద లేదు, ఇనుప తీగలతో అల్లిన ఓ ఆకారం ఉండేది, దాని మీద రేకు పెట్టి కంటితో చూసి, అరచేత్తో తడిమి చూడ్డమే. అందుకే ఏ గార్జెత్తాకీ రెండు వైపులూ ఒకలా ఉండవు. నా వైపు వెనక చక్రం పైన భుజం తొమ్మిది మిల్లీమీటర్లు కిందికి ఉంటుందట, ఇంజనీరు కొలిచి చెప్పాడు. ఆ భుజం మీదే నా గుంట. తొమ్మిదేళ్ళప్పుడు విన్యోలాలో చెర్రీ చెట్టు మీంచి పడి నా కుడి భుజం తిన్నగా అతుక్కోలేదు, చివరి దెబ్బ ఎంత జాగ్రత్తపడినా నావైపుకి లాగేస్తుంది, రేకు మీద బొటనవేలంత పల్లం పడుతుంది. రంగు వేసేవాడు తిట్టుకుంటూ దాన్ని పూడ్చేవాడు. "ఏరా ఎర్మెస్, నీ వైపు కారుకి అన్నం చాలడం లేదురా, చూడు ఎలా చిక్కిపోయిందో" అనేవాడు అడెల్మో. వాడి వైపు మాత్రం మచ్చ ఉండేది కాదు, వెధవ. ఎంత కుళ్ళుకునేవాణ్ణో.

ఇప్పుడు నన్నెందుకు పిలిచారంటే నాలుగో కారు దొరికింది. రంగు వేసిన వారంలోనే దేశం దాటి వెళ్ళిపోయిన కారు, యాభై ఏళ్ళు అయిపూ అజా లేదు. స్విట్జర్లాండులో ఓ విధవరాలి గడ్డిపాకలో కోళ్ళ కింద దొరికిందట, మిరెల్లా వెళ్ళి తెచ్చుకుంది, తండ్రి రిపేరు షెడ్డులో ఎనిమిదేళ్ళు కూర్చుని దాన్ని మనిషిని చేసింది. ఇంజను నంబరు అరిగిపోయింది, చట్రం కొంత తుప్పు తినేసింది, అందుకని ఇంజనీరు బృందం అంతా తూచి తూచి, చివరికి రేకు కొట్టినవాడు బతికే ఉన్నాడు కదా, వాణ్ణే అడుగుదాం అన్నారు. కాయితం తయారుగా ఉంది. 'ఈ కారు ఎడమ వైపు నా చేతి పనే' అన్న ముక్క కింద నా సంతకం పడితే అది వందెల్లి. పడకపోతే నకిలీ. నకిలీ అయితే చేసిందెవరు అంటారు, ఊళ్ళో ఆ చెయ్యి ఉన్న ఇల్లు ఒకటే. తండ్రి దొంగకారు కొట్టి దాచాడు, కూతురు మెరుగుపెట్టి అమ్మకానికి తెచ్చింది అంటారు. ఆ షెడ్డులోకి ఆ తర్వాత స్కూటరు కూడా ఎవడూ తోలుకురాడు. చచ్చిపోయి ఆరేళ్ళైన అడెల్మో మొహం ఆ గోడ మీంచి దిగిపోతుంది.

పొద్దున లోపలికి రాగానే కారు చూపించారు. రంగంతా గీకేసి ఉంది, ఒంటి మీద బట్ట లేకుండా నిలబెట్టినట్టు, తెల్లటి అల్యూమినియం రేకు, ప్రతి సుత్తి దెబ్బా కనబడుతోంది. కళ్ళు మూసుకుని ఎడమ భుజం మీద అరచెయ్యి వేశాను. నా చెయ్యి సరిగ్గా ఆ గుంటలోకి దిగింది. బొటనవేలంత పల్లం, నావైపుకి లాగిన చివరి దెబ్బ, అక్కణ్ణుంచి చక్రం దాకా నేను కొట్టే తీరులోనే చిన్న చిన్న చేప పొలుసుల్లాంటి దెబ్బలు. నా పనే. ఎవడు చూసినా నా పనే అంటాడు. మిరెల్లా నా మొహంలోకి చూస్తోంది, పెదాల మీద చిన్న నవ్వు, అది నాకు అస్సలు నచ్చలేదు. "గుర్తుపట్టావా బాబాయ్?" అంది. "కాసేపు కూర్చుని చెబుతాను" అన్నాను. అప్పటినుంచి ఇదిగో, ఇక్కడ. ఎందుకంటే నాలుగో కారు ఎడమ వైపు కొట్టిన రోజుల్లో నేను మోదెనాలో లేను. ఈ సంగతి బతికున్నవాళ్ళలో నాకు ఒక్కడికే తెలుసు.

అరవై ఎనిమిది ఫిబ్రవరి. తూరిన్‌లో ఓ పెద్ద కార్ల కార్ఖానాలో మంచి రేకు పనివాళ్ళు కావాలన్నారని ఎవరో చెప్పారు. నాకు ఇరవై తొమ్మిదేళ్ళు, అడెల్మో పక్కన రెండోవాడిలా బతకడం మొహం మొత్తింది. ఎక్కడ చూసినా అడెల్మో చెయ్యి బంగారం, అడెల్మో చెయ్యి బంగారం. అమ్మకి ఒంట్లో బాగాలేదు, కొన్నాళ్ళు రాలేను, నువ్వే ఎలాగో సర్దు అని వాడి మొహం చూడకుండా చెప్పి రైలెక్కాను. అక్కడ పందొమ్మిది రోజులు పరీక్ష పెట్టారు. తెల్లకోట్లు వేసుకున్నవాళ్ళు, ఇనుప కొలబద్దలు, ప్రతి సాయంత్రం నా రేకుని బల్ల మీద పెట్టి, కొలబద్దకీ రేకుకీ మధ్య సందులో సూది దూర్చి చూసేవాళ్ళు. చివరిరోజు అక్కడి మేస్త్రీ నా గుంటలో వేలు పెట్టి నవ్వాడు. "ఇది చెయ్యి కాదయ్యా, అలవాటు. మాకు అక్కర్లేదు" అన్నాడు. సోమవారం పొద్దున ఏమీ ఎరగనట్టు ఈ గేట్లోంచే లోపలికి వచ్చాను. నాలుగో కారు లేదు, రంగుకి వెళ్ళిపోయింది. నా మొద్దు మీద అయిదో కారు రేకు కోసి పెట్టి ఉంది.

"అమ్మకెలా ఉంది?" అన్నాడు అడెల్మో. నయమే అన్నాను. "సరే, మొదలెట్టు" అన్నాడు. అంతే, ఆ మాట అక్కడితో సరి. ఎక్కడికెళ్ళావు, ఏమైపోయావు, ఒక్క ముక్క లేదు. మా మేస్త్రీ లెయార్కో కూడా నన్ను అడగలేదు, పైగా అమ్మ గురించి జాలిగా రెండు మాటలన్నాడు. ఎవడూ అడక్కపోతే మనిషికి నిద్రపడుతుందా? నా ఎడమ వైపు ఎవడు కొట్టాడు? అడెల్మో బావమరిది కాగులు కొట్టేవాడే కదా, వాణ్ణి తెచ్చి నా మొద్దు దగ్గర నిలబెట్టి ఉంటాడు, రేపోమాపో నన్ను పొమ్మంటారు అనుకున్నాను. లేదా తూరిన్ సంగతి అందరికీ తెలుసు, వెనకాల నవ్వుకుంటున్నారు అనుకున్నాను. అడుగుదామంటే నోరు రాలేదు, అడిగితే నువ్వెక్కడున్నావురా అంటాడు. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. అడెల్మో భార్య అర్జియా అప్పటినుంచే నా మొహం చూడ్డం మానేసింది, ఒకే మేడ మాది, మెట్ల మీద ఎదురైతే గోడవైపు తిరిగి వెళ్ళేది. సరే, ఈవిడకి కూడా తెలిసిపోయింది అనుకున్నాను. ఆదివారాలు వాళ్ళింటికి భోజనానికి వెళ్ళడం మానేశాను. వాడు పిలిచేవాడు, నాకేదో పనుందనేవాణ్ణి. పక్కపక్కనే నిలబడి ఇంకో ఇరవై ఏళ్ళు రేకులు కొట్టాం, రేకుల గురించి తప్ప మాట్లాడుకోలేదు. వాడు పోతే చర్చిలో చివరి వరసలో నిలబడి వచ్చేశాను.

ఇప్పుడు ఈ గుంట. బావమరిది కొడితే నా గుంట ఎందుకు పడుతుంది? ఎవడి చెయ్యి వాడికి వస్తుంది, పరాయి చెయ్యి రాదు. కావాలని, నన్ను గుర్తుపెట్టుకుని, నా దెబ్బని దెబ్బకి దెబ్బ చూసి కొట్టినవాడే ఇది చెయ్యగలడు. నా చెయ్యి అంత బాగా ఎరిగినవాడు ఒక్కడే. నలభై నిమిషాలుగా ఆ పేరు చుట్టూనే తిరుగుతున్నాను, మీద పడడానికి మనసొప్పడం లేదు. అడెల్మోయే కొట్టాడు. ఎప్పుడు? పనిమానేసి ఇంట్లో కూర్చున్నాక. అసలు నాలుగో కారు ఎక్కడో ఎప్పుడో తుక్కైపోయి ఉంటుంది, వీడు షెడ్డులో కూర్చుని దొంగకారు పుట్టించాడు, ఈ ముసలాడు సంతకం పెట్టాలంటే నా గుంట కావాలి కదా, దాన్నీ పెట్టాడు. ఈ మిరెల్లాకి అంతా తెలుసు. గడ్డిపాక, విధవరాలు, కోళ్ళు, కథ ఎంత ముచ్చటగా అల్లుకుంది! నా దగ్గరా ఈ వేషాలు? బంగారు చెయ్యి, బంగారు చెయ్యి అన్నారు, చూడండి ఆ చెయ్యి ఏం చేసిందో అని లోపలికెళ్ళి అరవాలనిపించింది. చెప్పకేం, ఒక్క క్షణం సంతోషం కూడా వేసింది. యాభై ఏళ్ళకి వాడిలో ఒక మచ్చ దొరికింది.

అప్పుడు తలుపు తెరుచుకుని ఇంజనీరే బయటికి వచ్చాడు, చేతిలో ఏవో కాయితాలు, మొహం వెలిగిపోతోంది. "ఆలస్యమైంది, క్షమించండి ఎర్మెస్ గారూ. పాత పెట్టెల్లో వెతుకుతున్నాం, చూడండి ఏం దొరికిందో, మీకు సంతోషమేస్తుంది" అని నా పక్కన కూర్చున్నాడు. గేటు దగ్గర వచ్చిన వేళ, పోయిన వేళ అచ్చుకొట్టే యంత్రంలో దూర్చే కార్డులు. పైన నా పేరు. "అరవై ఎనిమిది ఫిబ్రవరి. పందొమ్మిది రోజులు వరసగా, ఆదివారాలు కూడా! నాలుగూ రెండు నిమిషాలకి లోపలికి, తొమ్మిదికి బయటికి. అమ్మగారికి బాగాలేదట కదా, పగలంతా ఆవిడ దగ్గరుండి సాయంత్రాలు వచ్చి పనిచేసేవారని మేస్త్రీ పక్కన రాశాడు. ఏం మనుషులండీ మీరు!" కార్డు అటూ ఇటూ తిప్పి చూశాను. "అడెల్మో కార్డు ఉందా?" అన్నాను. "ఉంది. ఆయన మామూలే, ఏడుకి వచ్చి సరిగ్గా నాలుక్కి వెళ్ళిపోయేవారు" అని చిన్నగా నవ్వాడు, మీరు కష్టపడుతుంటే ఆయన హాయిగా ఇంటికి పోయాడు అన్నట్టు. ఆ నవ్వుకి వాడి చెంప పగలగొట్టాలనిపించింది.

కార్డులు రెండూ ఒళ్ళో పక్కపక్కన పెట్టుకున్నాను. అడెల్మో నాలుక్కి బయటికి, నేను నాలుగూ రెండుకి లోపలికి. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. యంత్రం ముందు నిలబడి తన కార్డు కొట్టి, జేబులోంచి నా కార్డు తీసి కొట్టి, మళ్ళీ వెనక్కి వెళ్ళి నా మొద్దు దగ్గర నిలబడ్డాడు. పగలు తన వైపు, సాయంత్రం నా వైపు. లెయార్కో పొద్దున రాగానే రేకు మీద చెయ్యి వేసి చూస్తాడు, గుంట లేకపోతే ఇది ఎర్మెస్‌ది కాదని వాడికి ఇట్టే తెలిసిపోతుంది, నా ఉద్యోగం ఊడుతుంది. అందుకని గుంట పెట్టాడు. మచ్చలేకుండా తప్ప కొట్టడం చేతకాని మనిషి, రేకు కాస్త కందితేనే తిండి సయించని మనిషి, నాకోసం మంచి రేకుని చేజేతులా చెడగొట్టాడు. మా అమ్మ వాడి పై అంతస్తులోనే ఉండేది, రోజూ మెట్లు దిగి బజారుకెళ్ళి కోడిపెట్టని పట్టుకొచ్చేది, ఆవిడకి జబ్బేమిటి? మావాడు తూరిన్ వెళ్ళాడు, పెద్ద ఉద్యోగం అని వాడితోనే చెప్పి ఉంటుంది కూడా. అంటే వాడికి మొదటిరోజే తెలుసు, నేను వాణ్ణి వదిలి పోతున్నానని. తెలిసే కొట్టాడు. తెలిసే, అమ్మకెలా ఉంది అని అడిగాడు. ఒరేయ్ అడెల్మో, ఎంత పని చేశావురా, నన్నో నాలుగు తిట్టి ఉంటే పోయేది కదరా.

"రండి మరి" అన్నాడు ఇంజనీరు. లేచాను. లోపల మిరెల్లా కుడి వైపు చక్రానికి ఆనుకుని నిలబడి ఉంది, చెయ్యి రేకు మీదే ఉంది, తండ్రి వైపు మీద. బల్ల మీద కాయితం, పక్కన కలం. సంతకం పెట్టేస్తే పోతుంది, అందరికీ మంచిదే, కారు నిజమైనదే కదా, అబద్ధం ఒక్క వైపేగా అని నాలోంచి ఎవడో అంటున్నాడు. వాడి మాట నేను నమ్మలేదు. జీవితంలో అందర్నీ అనుమానించాను, అనుమానించాల్సినవాడు ఇదిగో, నా చొక్కాలోనే ఉన్నాడు.

"ఎడమ వైపు మీదేనా?" అన్నాడు ఇంజనీరు, మాటవరసకి.

"కాదు."

మిరెల్లా మొహం పాలిపోయింది. "బాబాయ్, సరిగ్గా చూశావా? ఇంకోసారి చెయ్యి పెట్టి చూడు. తొందరేం లేదు."

"చూశానమ్మా. మీ నాన్నది. రెండు వైపులూ మీ నాన్నే కొట్టాడు, ఇక్కడే, ఆ ఫిబ్రవరిలోనే. కారు అసలైనదే, మీరేం భయపడకండి. నా కార్డు కూడా వాడే కొట్టాడు. నేను తూరిన్‌లో ఉన్నాను, ఇంకోచోట ఉద్యోగం కోసం. అమ్మకి జబ్బని అబద్ధం చెప్పి పోయాను, వాళ్ళు వద్దంటే తిరిగొచ్చాను. ఏడు కార్లు కాదు, నావి ఆరే. రాసుకోండి, గోడ మీద కూడా మార్చండి."

ఇంజనీరు కుర్చీ లాక్కుని రాయడం మొదలుపెట్టాడు. ఒకటికి రెండుసార్లు తారీకులు అడిగాడు, చెప్పాను. రాసింది చదివి వినిపించాడు, సంతకం పెట్టాను. మిరెల్లా ఊపిరి పీల్చుకుంటుందనుకున్నాను, కావలించుకుంటుందేమో అని కూడా అనుకున్నాను. తను మాత్రం నన్ను చూడడం లేదు, బల్ల మీది కార్డులు తీసుకుని వేలితో ఒక్కో రోజూ లెక్కపెడుతోంది.

"ఆదివారాలు కూడా" అంది.

"అవునమ్మా."

"తొమ్మిది దాకా." పనిముట్ల పెట్టె మీద కూలబడింది. "బాబాయ్, నాకప్పుడు రెండేళ్ళు, నాకేం తెలీదు, అమ్మ చెబితే విన్నదే. ఆ ఫిబ్రవరి అంతా నాన్న పొద్దుపోయి ఇంటికొచ్చేవాడు. ఎక్కడున్నావంటే చెప్పలేదు. అమ్మ గేటువాణ్ణి అడిగింది, కార్డు చూసి నాలుక్కే వెళ్ళిపోతున్నాడమ్మా అన్నాడు. ఇంకేం కావాలి? ఎవతో ఉందని అమ్మకి రూఢి అయిపోయింది. నీకన్నీ తెలిసి దాస్తున్నావని నీ మీద కూడా కోపం. యాభై ఏళ్ళు అడిగింది ఆయన్ని. పోయేముందు రోజు మంచం పక్కన కూర్చుని, ఇప్పుడైనా చెప్పు ఎవతో అని అడిగింది, నేను అక్కడే ఉన్నాను. నాన్న నవ్వాడు. నవ్వి అటు తిరిగి పడుకున్నాడు."

వాడు చెప్పి ఉంటే అర్జియా నోట్లో మాట నిలిచేది కాదు, మెట్ల మీద అందరికీ తెలిసేది, లెయార్కో పెళ్ళాంతో సహా. అది నాకు ఇప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు. నా ఉద్యోగం కోసం వాడు ఇంట్లో ఏం ఇచ్చుకున్నాడో ఎవరూ చెప్పక్కర్లేదు. ఏడుపొచ్చింది, ఇంజనీరు ఎదురుగానే, ఆపుకోలేదు.

మిరెల్లా లేచి కొయ్యకి తగిలించిన నా కోటు తీసుకొచ్చింది. "వేసుకో" అంది.

"ఎక్కడికమ్మా?"

"మా ఇంటికి. అమ్మ ఈపాటికి లేచి కూర్చుని ఉంటుంది. నువ్వే చెప్పాలి."

"నువ్వు చెప్పరాదూ? ఈ కార్డులు పట్టుకెళ్ళి చూపించు."

"నేను చెబితే నాన్నని వెనకేసుకొస్తున్నాననుకుంటుంది. కార్డుల మాట ఆవిడ ఒకసారి విన్నది చాలు."

ఎడమ చేతికి కోటు దొరకడం లేదు, తనే పట్టుకుని తొడిగింది. "నా మాట నమ్ముతుందంటావా?" అన్నాను.

"మొదట నమ్మదు" అంది మిరెల్లా తలుపు తీస్తూ. "నమ్మేదాకా కూర్చుని చెబుతావు."